పాత ఆటలు, కొత్త తెరలు

పరవాడ సమీపముననున్న సింహాద్రి విద్యుత్కేంద్రములో ఒక్కొక్కటి 500 మెగావాట్ల సామర్థ్యము గల నాలుగు యూనిట్లు కలవు. వాని టర్బైనులు నిమిషమునకు 3,000 మారులు, అనగా సెకనుకు 50 మారులు తిరుగును. జనరేటరు ఒక చుట్టు తిరుగునప్పటికి విద్యుత్ప్రవాహము ఒక ఆవృత్తిని పూర్తిచేయును. మన యిండ్లకు వచ్చు విద్యుత్తు పౌనఃపున్యము 50 హెర్ట్జులని పాఠ్యపుస్తకములలో చెప్పుట యిందువలననే. ఈ సంఖ్యకును, పిల్లలు టెలివిజను ముందు కూర్చుండి ఆడు ఆటలకును సంబంధమున్నదనిన వింతగా తోచవచ్చును. కాని 2018వ సంవత్సరము డిసెంబరులో సోనీ సంస్థ విడుదల చేసిన 'ప్లేస్టేషన్ క్లాసిక్' అను చిన్న పెట్టె అపకీర్తి పాలగుటకు ముఖ్యకారణములలో ఈ 50 అను సంఖ్య యొకటి.

ఆ పెట్టెలో పాత ప్లేస్టేషను యంత్రముపై ప్రసిద్ధికెక్కిన 20 ఆటలుండెను. నేటి టీవీకి తగిలించి, పాత ఆటలను మరల ఆడుకొనవచ్చునని దాని యుద్దేశము. కాని వానిలో తొమ్మిది ఆటలు ఐరోపా దేశములకై 50 హెర్ట్జుల లెక్కన సిద్ధపరచిన ప్రతులు. 60 హెర్ట్జుల టీవీలు వాడు అమెరికాలో కొన్నవారికిని అవే ప్రతులు దక్కెను. 'టెక్కెన్ 3' వంటి ద్వంద్వయుద్ధపు ఆటలో వీరులు మోకాలిలోతు నీటిలో కదలుచున్నట్లున్నదని ఆటగాండ్రు మొరపెట్టిరి. బొమ్మలన్నియు అవే, పాత్రలన్నియు అవే, నియమములన్నియు అవే. అయినను ఆట అది కాదు.

ఇచ్చట నొక ప్రశ్న పుట్టుచున్నది. ముప్పది, నలుబది ఏండ్లనాటి ఆటను మరల విడుదల చేయుటయనగా దేనిని విడుదల చేయుట? బొమ్మలనా, ప్రోగ్రామునా, లేక మరియొకదానినా? పునర్విడుదలల గుణదోషములు నిర్ణయింపవలెనన్న ముందుగా ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుకొనవలెను.

సినిమాకును ఆటకును భేదము

తెలుగువారికి పునర్విడుదల కొత్తగాదు. 1957లో నలుపు తెలుపులలో వచ్చిన 'మాయాబజార్' చిత్రమును హైదరాబాదులోని గోల్డ్‌స్టోన్ సంస్థవారు కంప్యూటరు సహాయమున రంగులద్ది, శబ్దమును కొత్త పద్ధతికి మార్చి, 2010లో విడుదల చేసిరి. రంగులు వలయునా వలదా యని అప్పుడు వాదోపవాదములు జరిగెను. అయితే ఆ వాదమునకొక గట్టి ఆధారముండెను. సినిమాలోని ప్రతి చిత్రము ఫిల్ముపై నున్నది. పాతదానిని కొత్తదాని ప్రక్కన బెట్టి చూడవచ్చును. ఏమి మారినదో వ్రేలు పెట్టి చూపవచ్చును.

వీడియో ఆటలో అట్లు కాదు. ఆటగాడు మీట నొక్కువరకు తెరపై రాబోవు చిత్రము ఎక్కడను లేదు. క్యాసెట్టులోని చిప్పుపై నున్నది చిత్రమాలిక కాదు, ఆజ్ఞలమాలిక. ఒక నిర్దిష్ట యంత్రము ఒక నిర్దిష్ట వేగముతో ఆ ఆజ్ఞలను అమలుజరిపి, ఒక నిర్దిష్ట రకపు తెరపై కాంతిగా మార్చినపుడే ఆట పుట్టును. వీణను భద్రపరచినంతమాత్రమున రాగము భద్రపడనట్లే, ప్రోగ్రామును భద్రపరచినంతమాత్రమున ఆట భద్రపడదు. గడియారము, తెర, చేయి: ఈ మూడును కలిసినగాని ఆట లేదు. పునర్విడుదలలలో పెక్కింటి లోపము ఈ మూడింటిలో నేదో యొకదానిని మరచుటయే.

ఆటలోని గడియారము

పూర్వపు టెలివిజను రూపకర్తలు తెరపై చిత్రము మారు వేగమును తమ దేశపు విద్యుత్పౌనఃపున్యమునకు సరిపడునట్లు ఏర్పరచిరి. రెండును సరిపడనిచో విద్యుత్తునుండి వచ్చు అలజడి తెరపై ప్రాకు పట్టీలవలె కనబడెడిది. కావున అమెరికాలో సెకనుకు 60 క్షేత్రములు, ఐరోపాలో 50. జపాను అమెరికా పద్ధతిని గైకొనెను. భారతదేశము 'పాల్' అను ఐరోపా పద్ధతిని స్వీకరించి, 1982లో రంగుల ప్రసారములు ప్రారంభించెను.

జపానులో 1983లో నింటెండో సంస్థ విడుదల చేసిన ఫ్యామికాము వంటి యంత్రములలో జ్ఞాపకశక్తి మిక్కిలి స్వల్పము. ప్రోగ్రాము పనికై అందున్నది రెండు కిలోబైట్లు మాత్రమే. వేరుగా గడియారము పెట్టుకొని కాలమును కొలుచు సావకాశము ప్రోగ్రాము వ్రాయువారికి లేదు. కావున వారు తెరనే గడియారముగ వాడుకొనిరి. తెరపై ఒక క్షేత్రము పూర్తియైనప్పుడెల్ల ఆట ఒక అడుగు ముందునకు వేయును. ఇట్టి ఆట 60 హెర్ట్జుల తెరపై 10 సెకనులలో పూర్తిచేయు పనికి 50 హెర్ట్జుల తెరపై 12 సెకనులు పట్టును. వేగములో నారవవంతు తగ్గెనన్నమాట. అంతేకాదు, పాల్ తెరపై గీతలెక్కువ. జపాను లెక్కన గీచిన చిత్రము ఆ తెరను నింపజాలక పైనను క్రిందను నల్లని అంచులు మిగిలెడివి.

ప్లేస్టేషన్ క్లాసిక్ విషయమున జరిగినది దీనికి మరియొక మెట్టు. 50 లెక్కన పుట్టిన చిత్రములను 60 లెక్కన నడచు తెరపై చూపవలెనన్న ప్రతి అయిదింటిలో నొకదానిని రెండుమారులు చూపక తప్పదు. కదలిక సాఫీగ నుండక కుదుపులు కనబడును. పాత ప్రతులలో ఏది మేలైనదో తెలిసికొనక చేతికందినదానిని పెట్టెలో నింపినచో ఫలితమిట్లుండును. కొద్దినెలలలోనే ఆ పెట్టె ధరను బాగుగ తగ్గింపవలసివచ్చెను.

గడియారమే ఆటకు ప్రాణమగుటకు ఇంతకంటె చక్కని నిదర్శనము 1978లో జపానునందు టోమోహిరో నిషికాడో రూపొందించిన 'స్పేస్ ఇన్వేడర్స్'. అందు వరుసకు 11 చొప్పున అయిదు వరుసలలో 55 శత్రుజీవులుండును. నాటి ప్రాసెసరు వేగము చాలనందున ఒక్కొక్క తెరమార్పున ఒక్క జీవిని మాత్రమే కదల్పగలిగెను. అనగా 55 జీవులును ఒక అడుగు వేయుటకు దాదాపు సెకనుకాలము పట్టును. ఆటగాడు కొన్నిటిని కూల్చి 11 మిగిల్చినచో అదే అడుగు సెకనులో అయిదవవంతుకంటె తక్కువ కాలములో పడును. ఒక్కటి మిగిలినచో అది తెరమార్పు తెరమార్పునకును పరుగెత్తును. శత్రువులు తగ్గినకొలది ఆట భయంకరమగుట ఎవరును ముందుగా తలపెట్టినది కాదు. యంత్రపు అశక్తతవలన కలిగినది. నిషికాడో దానిని గమనించి, బాగుగనున్నదని అట్లే యుంచెను. నేటి ప్రాసెసరు 55 జీవులను ఒక్క క్షణములో కదల్పగలదు. మూలమును పరిశీలింపక ఆటను తిరిగి వ్రాసినవాడు జీవులనన్నిటిని ఒక్కసారిగా కదల్చినచో ఆటలోని ఉద్వేగమంతయు పోవును.

ఇండ్లలోని యంత్రములకు ఈ ఆట 1980లో అటారీ ద్వారా వచ్చెను. వీధియంత్రపు ఆటను అధికారికముగ ఇంటియంత్రమునకు తెచ్చుట కదియే మొదలు. ఆ ఇంటియంత్రములో తాత్కాలిక జ్ఞాపకశక్తి 128 బైట్లు మాత్రమే. కావున 55 శత్రువులకు బదులు 36 మందితో సరిపెట్టిరి. పునర్విడుదలయన్న మాట పుట్టకమునుపే అందలి కష్టము పుట్టినది!

తెర చేసిన సగము పని

పూర్వపు కాథోడ్ కిరణ నాళికలో ఎలక్ట్రాను పుంజము తెరను ఎడమనుండి కుడికి, పైనుండి క్రిందికి గీతలుగా తుడుచుచు పోవును. ఒక్కొక్క చుక్క అంచు పదునుగ నుండదు. ప్రక్కచుక్కలోనికి కొంత వ్యాపించును. యంత్రమునుండి టీవీకి ఒక్క తీగపై వచ్చు సంకేతములోనే వెలుగును రంగును కలిసియుండుటచేత రంగులును కొంత అలికినట్లగును. ఇది లోపమే. కాని నాటి చిత్రకారులు ఆ లోపమును కుంచెగా చేసికొనిరి.

1991లో సేగా సంస్థ విడుదల చేసిన 'సోనిక్ ది హెడ్జిహాగ్' ఆటలో జలపాతము నిలువు చారలతో చిత్రింపబడినది: ఒక చార నీరు, ఒక చార వెనుకటి దృశ్యము. పాత టీవీలో ఈ చారలు ఒకదానిలో నొకటి కలిసి, వెనుకనున్నది కనబడు పారదర్శకమైన నీరుగ భాసించెను. నేటి ద్రవస్ఫటికపు తెరపై ప్రతి చుక్కయు పదునుగ కనబడుటచే అదే జలపాతము వెదురుతడికవలె కనబడును. స్పష్టత పెరిగినది, నీరు పోయినది.

2016 నవంబరులో 30 ఆటలతో వచ్చిన నింటెండోవారి చిన్న పెట్టె ఈ విషయమున కొంత నయము. చుక్కలను ఉన్నవున్నట్లు చతురస్రములుగ చూపు పద్ధతి, పాత టీవీవలె చిత్రమును కొంత వెడల్పుగ చూపు పద్ధతి, గీతలతోసహా నాళికను అనుకరించు పద్ధతి, ఈ మూడింటిలో నొకదానిని ఆటగాడే యెన్నుకొనవచ్చును. ఇట్టి యెంపికను ఆటగానికి విడుచుట నిజాయితీ గల పని.

తెర మారినచో పూర్తిగ చచ్చిపోవు ఆటలును కలవు. 1984 నాటి 'డక్ హంట్' అట్టిది. అందు తుపాకి తూటాను పంపదు, వెలుగును గ్రహించును. మీట నొక్కిన వెంటనే తెర లిప్తకాలము నల్లబడి, తరువాత బాతున్న చోట మాత్రమే తెల్లని చతురస్రము వెలుగును. తుపాకిగొట్టములోని కాంతిగ్రాహకమునకు ఆ వెలుగు తగిలినచో గురి కుదిరినట్లు. ఇదంతయు కిరణపుంజపు వేగమును నమ్ముకొని చేసిన ఏర్పాటు. నేటి టీవీ వచ్చిన చిత్రమును ముందుగా నిలువజేసికొని, సవరించి, తరువాత చూపును. వెలుగు వచ్చుసరికి యంత్రము చూచుట మానివేసియుండును; ప్రతి దెబ్బయు గురి తప్పినట్లే. 2014లో ఈ ఆటను వీ-యూ యంత్రముపై మరల విడుదల చేసినపుడు తుపాకి స్థానమున తెరవైపు చూపు రిమోటును వాడవలసివచ్చెను. బాతులు దక్కినవి, తుపాకి దక్కలేదు.

బాగుచేయబోయి పోగొట్టుట

పైవి తెలియకపోవుటవలని దోషములు. తెలివి ఎక్కువగుటవలని దోషములును కలవు. 1999లో వచ్చిన 'సైలెంట్ హిల్' అను ఆటలో ఊరంతయు పొగమంచు కప్పియుండును. దూరపు వస్తువులను చిత్రించు శక్తి యంత్రమునకు లేకపోగా, ఆ కొరతను మంచుతో కప్పిరి. ఆ మంచే భయమునకు మూలమై ఆటకు పేరు తెచ్చెను. 2001లో వచ్చిన రెండవ భాగమును 2012లో కొత్త యంత్రములకై మార్చినపుడు ఆ మంచు చెడిపోయెను. తుది మూలప్రోగ్రాము సంస్థవద్ద నిలువయుండక, అసంపూర్ణమైన ప్రతితో పనిచేయవలసివచ్చినదని నిర్మాతలే చెప్పిరి. ప్రపంచమంతట అమ్ముడైన ఆట మూలప్రతి పదియేండ్లకే దొరకకపోవుట విచారింపదగిన విషయము.

2021 నవంబరులో వచ్చిన 'గ్రాండ్ తెఫ్ట్ ఆటో' ఆటల మూడింటి పునర్విడుదల మరియొక పాఠము. ఇవి పెద్దలకుద్దేశించిన ఆటలు. ఇచ్చట వాని కథతో పనిలేదు, వానికి జరిగిన చికిత్సతోనే పని. పాత చిన్నబొమ్మలను కృత్రిమ మేధతో పెద్దవి చేసిరి. యంత్రము బొమ్మను పెంచునేగాని దాని యర్థమునెరుగదు. ఒక దుకాణపు ఫలకముపై ఆరుమూలల ఇనుప నట్టుండవలెను. దుకాణపు పేరిలోని చమత్కారమంతయు ఆ నట్టుపైననే. యంత్రము మూలలు నునుపుచేసి దానిని గుండ్రని వలయముగ మార్చెను. విశాఖ ఉక్కు కర్మాగారములో పని నేర్చుకొను కుర్రవానికి చూపినను ఇది నట్టు కాదని చెప్పును. లక్షల డాలర్ల పరికరమునకు తెలియలేదు. దూరమును కప్పు మసకను తొలగించుటచే విశాలమనిపించు రాజ్యమంతయు ఒక్క చూపులో అందునంత చిన్నదిగ తేలెను. ప్రకాశకులు క్షమాపణ చెప్పి, అమ్మకమునుండి తొలగించిన పాత ప్రతులను కంప్యూటరు ఆటగాండ్రకు మరల అందజేయుదుమని ప్రకటింపవలసివచ్చెను.

తప్పు మార్పు చేయుటలో లేదు. కొత్తది వచ్చుటతోనే పాతదానిని అంగడినుండి తీసివేయుటలో నున్నది. నలుపు తెలుపుల మాయాబజార్ నేటికిని చూడ దొరకుచున్నది గనుకనే రంగుల ప్రతి ఎవరికిని నష్టము చేయలేదు.

ఎట్లుండిన బాగు?

2022 నవంబరులో డిజిటల్ ఎక్లిప్స్ సంస్థ అటారీ 50 ఏండ్ల పండుగకై తెచ్చిన సంపుటము ఈ కళలో నొక మంచి మాదిరి. నూరుకు పైగా ఆటలను కాలక్రమమున అమర్చి, వాని నడుమ రూపకర్తల ముచ్చటలు, నాటి చిత్తుప్రతులు, ప్రకటనలు చేర్చిరి. ఆట యెందుకట్లున్నదో తెలిసికొని ఆడుటకిది వీలిచ్చును. మంచి గ్రంథమునకు పీఠిక, వ్యాఖ్య ఎట్టివో ఆటకిది యట్టిది. అయినను దీనికొక హద్దున్నది. అటారీ యంత్రమును ఇంటింటికి చేర్చిన స్పేస్ ఇన్వేడర్స్ హక్కులు వేరొకరివగుటచే 2022 నాటి విడుదలలో ఆ ఆటయే లేదు. హక్కుల పత్రము లేనిచోట చరిత్రలో ఖాళీ ఏర్పడుచున్నది.

అట్లే 2011లో 'హేలో' ఆట పదేండ్ల సందర్భమున వచ్చిన ప్రతిలో ఒక మీట నొక్కగనే కొత్తచిత్రము పోయి పాతచిత్రము ప్రత్యక్షమగును. వాదోపవాదములకంటె ఈ ఒక్క మీట మేలు. చూచువాడే పోల్చి నిర్ణయించును.

నేటి పునర్విడుదలలలో ఆటను వెనుకకు త్రిప్పి తప్పు సరిదిద్దుకొను సౌకర్యము సాధారణమైనది. ఇది ఆటలోని ప్రమాదమును తీసివేయునని కొందరాక్షేపింతురు. ఆ మాట కొంత నిజమే. కాని చేయి స్వాధీనములో లేనివారికి, తీరిక లేనివారికి, మొదటిసారి ఆడువారికి అది తలుపు తెరచును. కావున ఉండవలసినదే, అయితే ఆటగాడు కోరినపుడే పనిచేయవలెను. సూత్రము సులభము: మూలము మూలముగనే ముందుండవలెను, చేర్పు చేర్పని చెప్పవలెను, ఏది మార్చిరో, ఏది దక్కలేదో పెట్టెపై వ్రాయవలెను. ప్రయోగశాలలో విద్యార్థి తన కొలతలోని దోషమును వ్రాయుట లేదా? పెద్ద సంస్థలను అంతమాత్రము కోరుట అత్యాశ కాదు.

మన బజారు పెట్టెల సంగతి

ఇంతవరకు చెప్పినవి జపాను, అమెరికా సంస్థలు తమ సొత్తుగ నెంచిన ఆటలు. తెలుగుదేశపు పిల్లలు 1990లలోను, అటుపిమ్మటను ఆడినవి చాలవరకు ఆ సంస్థల యంత్రములపై కాదు. దిగుమతి సుంకములవలన అధికారిక యంత్రముల ధర మధ్యతరగతి కుటుంబములకు అందుబాటులో లేదు. బజారులో దొరకినవి నకలు పెట్టెలు. ఫ్యామికాములోని చిప్పుల పనియంతయు ఒక్క చిప్పులోనికి కుదించి, దానిపై నల్లని లక్కవంటి ముద్ద పోసి చేసినవి వానిలో పెక్కు. క్యాసెట్టుపై '9999 ఆటలు' అని యుండును. తీరా చూడగా పది, ఇరువది ఆటలే పేరు మార్చుకొని, మధ్యనుండి మొదలై మరల మరల వచ్చును. పెట్టెతోపాటు ఒక ప్లాస్టిక్కు తుపాకియు ఉండెడిది. మారియోనైనను, కాంట్రానైనను మన పట్టణములలో పెక్కుమంది ఎరిగినది ఈ పెట్టెలవలననే.

ఈ నకళ్ళలో శాస్త్రవిషయమొకటి కలదు. పాల్ దేశములకై చేసిన నకలు చిప్పులలో కొన్నిటి కాలక్రమము జపాను యంత్రముతోను సరిపోదు, ఐరోపా అధికారిక యంత్రముతోను సరిపోదు. అనగా ఒకే ఆటకు మూడవ వేగము, మూడవ నడక. ఏ సంస్థయు దీనిని తనదని చెప్పుకొనదు గనుక ఏ పునర్విడుదలలోను ఇది కానరాదు. చట్టరీత్యా నకళ్ళను సమర్థింపనవసరము లేదు. కాని ఒక తరము పిల్లలు నిజముగ చూచినదేమో తెలియవలెనన్న వానిని పరిశీలింపక తప్పదు. సముద్రపు గాలికి పరవాడవంటి తీరప్రాంతములలో రాగితీగలు, క్యాసెట్టు పండ్లు త్వరగా తుప్పుపట్టును. అటకపై నున్న ఆ పెట్టెల ఆయువు ఎంతకాలమో కాదు.

అధికారిక ఆటల స్థితియు గొప్పగ లేదు. అమెరికాలో 2010కి పూర్వము విడుదలైన ఆటలలో నూటికి 87 నేడు అంగడిలో దొరకుట లేదని అచ్చటి వీడియో ఆటల చరిత్ర సంస్థ 2023లో ప్రకటించిన పరిశీలనలో తేలినది. ఆ సంవత్సరమే మార్చిలో నింటెండో తన రెండు పాతయంత్రముల అంతర్జాల దుకాణములను మూసివేసెను. అందు మాత్రమే దొరకిన ఆటలు అమ్మకమునుండి మాయమయ్యెను. గ్రంథాలయములు పాత ఆటలను పరిశోధకులకు దూరమునుండి చూపుటకు అనుమతి కోరగా, 2024 అక్టోబరులో అమెరికా కాపీహక్కుల కార్యాలయము నిరాకరించెను. పాత పుస్తకము అచ్చులో లేకున్నను గ్రంథాలయమున చదువవచ్చును. పాత ఆటకు ఆ మాత్రపు గతియు లేదు. కావున పునర్విడుదల కేవలము వ్యాపారము కాదు. పెక్కు ఆటలకు బ్రతుకుటకున్న న్యాయమైన దారి అదియొక్కటియే. అందుచేతనే అది సరిగా జరుగవలెను.

ఈ విషయమును ఉన్నత పాఠశాలలోనే ప్రయోగముగ చూపవచ్చును. 'స్క్రాచ్' వంటి సులభమైన ప్రోగ్రాము భాషలో 55 చుక్కలను పేర్చి, ఒకసారి అన్నిటిని ఒక్కుమ్మడిగ కదల్చునట్లును, ఒకసారి తెరమార్పునకు ఒక్కటి చొప్పున కదల్చునట్లును విద్యార్థులచే వ్రాయింపవచ్చును. చుక్కలను ఒక్కొక్కటిగ తీసివేయుచు రెండింటిని ఆడిచూచినచో, రెండవదానిలో చివరి చుక్క ఏల పరుగిడునో వారికే బోధపడును. సెకనుకు 60 మార్పులను 50కి తగ్గించి మరల ఆడింపవచ్చును. సింహాద్రి టర్బైను త్రిప్పు 50 అను సంఖ్య పాఠములోనిది మాత్రమే కాదనియు, అది మనిషి చేతివ్రేలికి తెలియుననియు అప్పుడు అర్థమగును.

ఇంటి అటకపై పాత పెట్టె యేదైన నున్నచో దానిని పారవేయక ముందు ఒకసారి తుడిచి, ఏ ఆటలున్నవో వ్రాసి, పాత నాళిక టీవీ దొరకినచో తగిలించి చూచుట మంచిది. పెద్ద సంస్థలు మరల విడుదల చేయని చరిత్ర అందుండవచ్చును.